ఓరుగల్లు నుంచి గోదారి దాకా మొరం బాటల మీద సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ నుంచి పాకాల, రామప్ప, తాడ్వాయి వైపు మట్టి బాటలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ నా దాకా వస్తున్నాయి. వానకాలం రాగానే ఒక వరుస, చలి పడగానే ఇంకో వరుస. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచి, నాకు తెలిసినంత వరకు జవాబులు రాశాను. ఎక్కడ తెరిచి చదివినా అర్థమయ్యేలా దేనికది పూర్తిగా రాశాను.

## పోదామా వద్దా అనుకునేటప్పుడు

గ్రావెల్ సైక్లింగ్ అంటే ఏంది? అసలు మన దగ్గర అలాంటి బాటలున్నాయా?

మన మాటలో చెప్పాలంటే మొరం బాట, అంటే కంకర కలిసిన ఎర్రమట్టి బాట మీద సైకిల్ తొక్కడం. తారు రోడ్డు మీద పరుగు పందెం కాదు, గుట్టల మీద బండలెక్కి దూకడమూ కాదు, ఆ రెంటికీ నడుమ. ఇక్కడ అలాంటి బాటలకు కొదవ లేదు. కాకతీయుల కాలం నుంచి ఈ నేలంతా చెరువుల నేల. చెరువుంటే కట్ట ఉంటుంది, కట్ట కింద కాలువ ఉంటుంది, కాలువ వెంట నీళ్లు చూసుకోవడానికి మనిషి నడిచే గట్టు ఉంటుంది. పొలాల నడుమ బండ్ల బాటలు, అటవీ శాఖ జీపు బాటలు, తారు పడని గూడేల దారులు వీటికి తోడు. ఇవేవీ మన సైకిళ్ల కోసం వేసినవి కావు. ఎడ్లబండి కోసమో, నీళ్ల కోసమో, తునికాకు కోసమో ఎవరో నడిచి నడిచి చేసినవి. ఆ సంగతి గుర్తుంటే బాట మీద ఎలా మెలగాలో సగం తెలిసిపోతుంది.

ఏ నెలల్లో పోవాలె?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. నవంబరులో వాగులు తగ్గుతాయి, మొరం గట్టిపడుతుంది, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. డిసెంబరు, జనవరి పొద్దున మంచు దట్టంగా పడుతుంది కాబట్టి వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డెక్కొద్దు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఫిబ్రవరి రెండో సగం. మోదుగులు పూసి ములుగు అడవి అంచులు నిప్పంటుకున్నట్టు ఉంటాయి. మార్చి నడుమ నుంచి పొద్దున తొమ్మిదిన్నరకే ఎండ మింగేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది, ఆకు రాలిన టేకు చెట్టు కింద నీడ కూడా దొరకదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊరి చుట్టూ ఉన్న చెరువు కట్టలతో సరిపెట్టుకోండి.

తారు రోడ్డు మీద రోజుకు 100 కిలోమీటర్లు తొక్కుతాను. మొరం మీద ఎంత అనుకోవాలి?

మొదటిసారి 45, 50 అనుకోండి. గట్టి మొరం మీద గంటకు 14, 15 కిలోమీటర్లు పోతారు. ఇసుక, ఒర్రెలు (చిన్న వాగులు), గేట్లు, దారి అడగడాలు కలిస్తే అది పదికి దిగుతుంది. దూరం చూసి కాదు, పొద్దు చూసి లెక్కేసుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. అయిదింటికల్లా అడవి దాటి తారు రోడ్డు ఎక్కేలా వెనక నుంచి లెక్క కట్టుకుంటే ఎప్పుడు బయల్దేరాలో తేలిపోతుంది.

అక్కా, ఒక్కదాన్ని పోవచ్చా?

చెరువు కట్టలు, కాలువ గట్లు, ఊళ్ల నడుమ బాటల మీద నేను ఒక్కదాన్నే చాలాసార్లు తిరిగాను. అడవి లోపలికి మాత్రం ఒక్కదాన్ని పోను. ఆడపిల్ల అని కాదు, కాలు విరిగితే ఫోన్ చేసే మనిషి పక్కన ఉండాలని. మగవాళ్లకూ ఇదే చెప్తాను. ఊళ్లో ఆగినప్పుడు కల్లు మండువ దగ్గరో పాన్ డబ్బా దగ్గరో కాకుండా ఆడవాళ్లు కూర్చున్న అరుగు దగ్గర ఆగండి. "ఏ ఊరు బిడ్డా, ఒక్కదానివే వచ్చినవా?" అని అడుగుతారు. ఊరి పేరు, ఇంటి సంగతి చెప్పండి. పది నిమిషాల్లో నీళ్లు, కూర్చోవడానికి పీట, బాత్రూం అన్నీ దొరుకుతాయి. బాత్రూం అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు, అది మాత్రం చేయకండి. ఎటు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి బయల్దేరండి. అత్యవసరమైతే 112.

## సైకిల్, సామాను

నా దగ్గర హైబ్రిడ్ సైకిల్ ఉంది. గ్రావెల్ సైకిలే కొనాల్నా?

కొనక్కర్లేదు. 35 మి.మీ. కన్నా వెడల్పున్న టైర్లు పట్టే ఏ సైకిలైనా మన బాటలకు సరిపోతుంది. మామూలు మౌంటెన్ బైక్ అయితే ఇంకా నయం, ఇసుకలో అదే హాయి. టైర్ల తర్వాత చూడాల్సింది బ్రేకులు. మొరం దుమ్ముకు రిమ్ బ్రేకు రబ్బర్లు తొందరగా అరుగుతాయి, డిస్క్ బ్రేకులైతే ఆ బాధ తక్కువ. గేర్లలో చిన్నది నిజంగా చిన్నదిగా ఉండాలి. ముందు పళ్లు, వెనక పళ్లు సమానంగా ఉంటే సామాను వేసుకుని కూడా చెరువు కట్ట ఎక్కగలరు. ఆరు నెలలు ఉన్న సైకిల్‌తోనే తిరగండి, ఏం కొనాలో మీకే తెలుస్తుంది.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

తారు రోడ్డు మీద పెట్టినంత పెట్టొద్దు. 65, 70 కిలోల మనిషికి 38, 40 మి.మీ. టైర్లలో ట్యూబు ఉంటే 40 నుంచి 45 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత), ట్యూబ్‌లెస్ అయితే 30 నుంచి 35 దగ్గర మొదలుపెట్టండి. వెనక చక్రానికి రెండు మూడు ఎక్కువ. మరీ గట్టిగా ఉంటే ప్రతి రాయీ భుజానికి తగులుతుంది, వదులు మొరం మీద చక్రం జారుతుంది. మరీ మెత్తగా ఉంటే రాయికి రిమ్ తగిలి ట్యూబుకు జంట చిల్లులు పడతాయి.

పంక్చర్లు ఆగట్లేదు. ప్రతిసారీ పల్లేరు కాయే. ఏం చేయాలె?

ఈ ప్రాంతంలో సైకిల్‌కు అసలు శత్రువు అదే. వానలు తగ్గాక పొలం గట్ల మీద, బీళ్లలో పల్లేరు కాయలు ఎండి రాలుతాయి, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ కొమ్మలు ఇంకో బాధ. రైతులు కంచె కోసం కొట్టి లాక్కెళ్లినప్పుడు ముళ్లు బాట మీదే మిగిలిపోతాయి. ట్యూబ్‌లెస్ టైర్లకు మారడమే గట్టి పరిష్కారం. లోపల పోసే సీలెంట్ ద్రవం చిన్న చిల్లులను అప్పటికప్పుడు పూడుస్తుంది. మన ఎండకు ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది కాబట్టి రెండు, మూడు నెలలకోసారి తెరిచి చూసి పోసుకోవాలి. ట్యూబులే వాడేవాళ్లు అదే ద్రవాన్ని వాల్వు లోపలి పిన్ను విప్పి పోసుకోవచ్చు. ముల్లు గుచ్చుకున్న చోట వెంటనే పీకొద్దు. గాలి పోవట్లేదంటే ఆ ముల్లే బిరడాలా ఉందన్నమాట. నీడ, నీళ్లు ఉన్న చోటికి చేరాక తీయండి. మళ్లీ ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమడం మరవొద్దు. విరిగిన ముల్లు మొన అక్కడే దాక్కుంటుంది.

ఏమేం పట్టుకుపోవాలి?

రెండు ట్యూబులు, పంపు, ప్యాచులు, అలెన్ కీలు, చైన్ కత్తిరించే పనిముట్టు, చైన్ లింకు, మీ సైకిల్‌కు సరిపోయే గేర్ హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). ఈ హ్యాంగర్ ఒక్కటే చాలామంది వదిలేస్తారు. తాడ్వాయి దాటాక వెదురు పుల్ల చక్రంలో ఇరుక్కుని నా హ్యాంగర్ విరిగింది. చక్రం తిరగక, వెనక భాగం ఎత్తిపట్టుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. అప్పటి నుంచి అది నా సంచీలో ఉంటుంది. మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు చక్కెర పొట్లాలు, గుడ్డ పట్టీ, విజిల్, టార్చి, ఆధార్ కార్డు నకలు, చిల్లర నోట్లు. సిగ్నల్ లేని చోట ఫోన్‌తో చెల్లింపు జరగదు.

సైకిల్‌ను రైల్లో, బస్సులో తీసుకుపోవచ్చా?

రైల్లో లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయించవచ్చు. కాజీపేట, వరంగల్ రెండూ పెద్ద స్టేషన్లే, గంట ముందు వెళ్తే పనవుతుంది. ఆర్టీసీ బస్సులో కండక్టర్ ఒప్పుకోవాలి. చక్రాలు విప్పి సంచీలో కట్టి, ఖాళీ వేళ అడిగితే లగేజీ టికెట్ కొట్టి ఎక్కించుకున్న సందర్భాలే ఎక్కువ.

## ఎటు పోవాలి

మొదటిసారి ఎటు పోతే మంచిది?

హసన్‌పర్తి వైపు కాకతీయ కాలువ గట్టు. శ్రీరాంసాగర్ నుంచి కరీంనగర్ మీదుగా మన దాకా వచ్చే ఈ కాలువ 284 కిలోమీటర్ల పొడవు. గట్టు మీద బాట చదునుగా ఉంటుంది, తప్పిపోయేదేం ఉండదు, ఎక్కడ అలసిపోయినా పక్కనే ఊరు ఉంటుంది. ఒక జాగ్రత్త: కాలువ లోపలి గోడ సిమెంటుది, నునుపుది, ఏటవాలుది. నీళ్లు వదిలినప్పుడు అందులో పడితే ఈతగాడు కూడా పట్టు దొరక్క కొట్టుకుపోతాడు. గట్టుకు బయటి అంచునే తొక్కండి, చేతులు కడగడానికి కూడా లోపలికి దిగొద్దు. కొంచెం ఎత్తుపల్లాలు కావాలంటే ధర్మసాగర్ చెరువు మీదుగా దేవునూరు ఇనుపరాతి గుట్టల వైపు పోండి.

పాకాలకు ఒక్క రోజులో పోయి రావచ్చా?

వరంగల్ నుంచి పోను సుమారు 50, రాను 50. అలవాటున్నవాళ్లకు అవుతుంది కానీ నేను అలా చెప్పను. నర్సంపేట దాకా సైకిల్‌ను బండి మీద వేసుకుపోయి అక్కడి నుంచి తొక్కండి. ఊరు దాటాక పన్నెండు కిలోమీటర్లకే చెరువు. నర్సంపేట, అశోక్‌నగర్ చుట్టుపక్కల ఎర్ర చెలకల నడుమ బండ్ల బాటలు ఎన్నో ఉన్నాయి. వాటి మీద మెల్లగా పోయి మధ్యాహ్నానికి కట్ట చేరడం ఒక పూర్తి రోజు. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు అది. రెండు గుట్టల నడుమ వాగుకు అడ్డంగా వేసిన ఒక్క కట్ట ఎనిమిది వందల ఏళ్లుగా ఆయకట్టుకు నీళ్లిస్తోంది. ఇక్కడి నుంచి కిందికి పారిన ఏరే ఖమ్మం చేరేసరికి మున్నేరు. కట్ట అవతలంతా అభయారణ్యం, అనుమతి లేకుండా సైకిల్ అటు తిప్పొద్దు.

రామప్ప, లక్నవరం రెండూ కలిపి రెండు రోజుల్లో చూడాలి. ఎలా?

కొత్తవాళ్లను నేను తీసుకుపోయే దారి ఇదే. ములుగు దాకా జాతీయ రహదారి 163 మీద తొక్కడంలో అందమూ లేదు, క్షేమమూ లేదు. లారీలు ఎక్కువ. సైకిల్‌తో బస్సులోనో బండిలోనో ములుగు చేరి అక్కడ మొదలుపెట్టండి. జంగాలపల్లి దగ్గర రహదారి వదిలి పాలంపేట వైపు మళ్లితే పొలాలు, మిరప తోటలు, చిన్న చిన్న కట్టలు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి చూసి వెనుదిరగకండి, చెరువు కట్ట ఎక్కండి. గుడి, చెరువు, ఊరు కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. ఆ మూడూ కలిపి కనిపించేది కట్ట మీది నుంచే, అందులోనూ సైకిల్ వేగానికే. ఓపికుంటే గణపురం కోటగుళ్లు కూడా చూసి రావచ్చు. ఆ రాత్రి రామప్ప దగ్గరే పడుకుని, రెండో రోజు తిరిగి రహదారి పట్టి గోవిందరావుపేట వైపు పోయి, చల్వాయి దగ్గర లక్నవరానికి మళ్లండి. చివరి ఏడు కిలోమీటర్లు అడవి. ఆదివారం కార్ల దుమ్ము తప్ప ఏమీ కనబడదు, మామూలు రోజున పోండి.

తాడ్వాయి అడవి మీదుగా గోదావరి దాకా పోవాలని ఉంది. కష్టమా?

దూరం కష్టం కాదు, ఒంటరితనం కష్టం. పస్రా దాటితే అడవి కమ్ముకుంటుంది. ఏటూరునాగారం అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్లకు పైనే. తాడ్వాయి నుంచి మేడారం సుమారు 14 కిలోమీటర్లు, తారు రోడ్డే అయినా మామూలు రోజుల్లో నిశ్శబ్దంగా ఉంటుంది. 2024 ఆగస్టు 31న ఒక్క సాయంత్రం వీచిన సుడిగాలికి ఈ అడవిలో వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పాత బాటలు కొన్ని ఆ మొద్దుల కింద మాయమయ్యాయి. ఆ ఖాళీలో ఇప్పుడు మొలుస్తున్న పిలకలను చూస్తూ పోవడం నాకు ప్రతిసారీ గుండె బరువెక్కే పని. ఏటూరునాగారం చేరాక రామన్నగూడెం రేవు దగ్గర గోదారి చూడండి, లేదా ముల్లకట్ట వంతెన ఎక్కండి. అక్కడి నుంచి మంగపేట వైపు నది పక్కన పోయే దారి బాగుంటుంది కానీ ఇసుక లారీలు తిరిగే కాలంలో ఆ దారి మంచిది కాదు. లారీ వస్తే సైకిల్ దిగి పక్కకు నిలబడండి, దుమ్ములో వెనక లారీకి మీరు కనబడరు.

కవ్వాల్‌లో తొక్కొచ్చా?

2012 నుంచి అది పులుల అభయారణ్యం. లోపలి బాటల మీద సైకిల్ కుదరదు, కుదరకూడదు కూడా. లక్సెట్టిపేట నుంచి దండేపల్లి, జన్నారం మీదుగా కడెం పోయే రోడ్డు, ఆ పక్క కాలువ గట్లు చాలు. పగలు మాత్రమే, గుంపుగా.

వాజేడు, బొగత వైపు మట్టి బాటలు ఎలా ఉంటాయి?

బొగత జలపాతానికి రోడ్డు మీదే పోయి రోడ్డు మీదే రండి. గోదావరి అవతల వాజేడు, వెంకటాపురం గుట్టల్లో మందుపాతరలు పేలి, అడవికి పోయిన మామూలు మనుషులు చనిపోయిన, కాళ్లు పోగొట్టుకున్న ఘటనలు జరిగాయి. అక్కడ బాట దిగి లోపలికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

అడవిలో తొక్కడానికి అనుమతి కావాలా? ఎవరిని అడగాలి?

అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద ప్రయాణానికి అక్కర్లేదు. ఆ రోడ్డు దిగి మట్టి బాట పట్టిన క్షణం నుంచి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ముందురోజే అక్కడి అటవీ రేంజి ఆఫీసుకు పోయి, ఎంతమంది, ఏ బాట, ఎన్నింటికి బయటికొస్తారో కాగితం మీద రాసివ్వండి. ఒప్పుకోకపోతే వాదించకండి. ఆ వారం అక్కడ పులి అడుగులు కనబడి ఉండొచ్చు, మంటలు రేగి ఉండొచ్చు. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లకు ఏ ఒర్రెలో నీళ్లున్నాయో, ఏ బాట మూసుకుపోయిందో ఏ మ్యాపుకన్నా బాగా తెలుసు. ఎక్కువమంది ఆ ఊళ్ల పిల్లలే.

ఫోన్ మ్యాపులో బాట స్పష్టంగా కనిపిస్తది. పోతే ఏమీ లేదు. ఎందుకట్లా?

మూడు కారణాలు చూశాను. ఒకటి, ఫైర్ లైన్లు. ఎండాకాలం మంటలు పాకకుండా అటవీ శాఖవాళ్లు పట్టీల్లా చెట్టూ చేమా కొట్టేస్తారు. పై నుంచి తీసిన ఫొటోలో అది అచ్చం రోడ్డులా ఉంటుంది, దిగి చూస్తే మోళ్లు. రెండు, కందకాలు. అటవీ భూమి హద్దు వెంట తవ్విన లోతైన కందకం పాత బండ్ల బాటలను చాలాచోట్ల తెంచేసింది. సైకిల్ భుజాన వేసుకుని దాటడం వీలవుతుంది గానీ అది హద్దు గీత. దాటితే అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లినట్టే. మూడు, చెరువు నిండితే బాట నీళ్ల కింద ఉంటుంది. ఉపగ్రహం ఫొటో ఎండాకాలంలో తీసింది అయి ఉంటుంది. మ్యాపు ముందే ఫోన్‌లో దింపుకోండి, కానీ ఆఖరి ఊళ్లో ఒక పశువుల కాపరిని అడగండి. "బాట పోతదా?" అని కాదు, "బండి పోతదా?" అని. మనిషి పోయే బాట వేరు, బండి పోయే బాట వేరు.

## బాట మీద ఉన్నప్పుడు

వాగు రోడ్డు మీది నుంచి పారుతోంది. మోకాలి లోతే ఉంది. దాటొచ్చా?

దాటొద్దు. మోకాలి లోతు పారే నీళ్లు మనిషిని లాగేస్తాయి, సైకిల్ తెరచాపలా అడ్డుపడితే ఇంకా తొందరగా లాగుతాయి. బురద నీళ్లలో కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనబడదు. మన వాగులకు ఇంకో గుణం ఉంది. మీ నెత్తి మీద చినుకు లేకపోయినా పైన ఎక్కడో చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే గంటలో ఒర్రె నిండుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మి.మీ. వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఏటూరునాగారం దగ్గర కొండాయిని జంపన్నవాగు ముంచేసింది, ప్రాణాలు పోయాయి. వాగు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకే అంచనా అందలేదు. ఒడ్డున ఆగండి, వెనక్కి తిరగండి, ఆ ఊళ్లో పడుకోండి.

నిన్న వాన పడింది. ఇవాళ పోవచ్చా?

ఎర్ర చెలక, మొరం అయితే ఒక పూట ఎండ కాస్తే చాలు. నల్లరేగడి అయితే రెండు రోజులు ఆగండి. తడి రేగడి చక్రానికి పేరుకుని చక్రాన్ని పట్టే ఫోర్కు దగ్గర ఇటుకలా బిగుసుకుంటుంది. పదడుగులకోసారి పుల్లతో గీకాలి, ఎత్తుకుందామన్నా సైకిల్ రెండింతలు బరువవుతుంది. తడి బాట మీద మన చక్రం చేసే గాడి ఎండాక అలాగే గట్టిపడి బండ్లకు ఇబ్బంది, అది కూడా చూసుకోవాలి. నాట్ల కాలంలో ట్రాక్టర్ కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) తిరిగిన రోడ్లు అడ్డగీతలతో పళ్లు రాలగొడతాయి, అటు పోకపోవడమే మేలు.

ఇసుక వస్తే పడిపోతున్నాను.

ఇసుకలోకి దిగేముందే చిన్న గేరు వేసుకోండి. బరువు వెనక్కి వేయండి, హ్యాండిల్ మీద చేతులు వదులుగా ఉంచండి, ముందు బ్రేకు ముట్టుకోవద్దు, తొక్కడం ఆపొద్దు. ముందు చక్రం తనకు నచ్చిన దారి వెతుక్కుంటుంది, వెతుక్కోనివ్వండి.

రోడ్డంతా వడ్లు ఆరబోశారు. ఎలా పోవాలి?

దిగి నడిచి పోవాలి. వానకాలం పంట నవంబరు, డిసెంబరుల్లో, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో రోడ్ల మీదికొస్తుంది. మక్కలు, మిర్చి కూడా. కళ్లం లేని రైతుకు రోడ్డే కళ్లం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి రోజుల తరబడి తిరగేస్తూ కాపలా ఉంటారు. ఒకసారి రేగొండ వైపు నేను అంచున పోతున్నాననుకుంటూ గింజల మీదికి ఎక్కించాను. అక్కడున్న పెద్దమ్మ తిట్టలేదు, చీపురు పట్టుకుని వచ్చి నా చక్రం చెదరగొట్టిన గింజల్ని ఒక్కొక్కటిగా కుప్పలోకి ఊడ్చింది. నేను దిగి ఆమెతోపాటు ఊడ్చాను. రాత్రిళ్లు ఆ కుప్పల అంచున పెట్టే రాళ్లు తగిలి బండ్లవాళ్లు పడిపోతుంటారు, అందుకే కోతల కాలంలో చీకట్లో ఊరి రోడ్ల మీద తొక్కొద్దు.

కుక్కలు వెంటపడితే?

ఆగి, దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ నడుమ పెట్టి నడవండి. పరుగెత్తే చక్రమే వాటికి కోపం. మందల వెంట ఉండే కుక్కలు మాత్రం ఊరికే తగ్గవు. గొర్ల కాపరిని "అన్నా" అని కేకేయండి, ఆయన ఒక్క అదిలింపు చాలు.

కోతులు?

తిండి సంచీ తెరిచి చూపించొద్దు. అంతే.

ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలె?

పులి గురించి అందరూ అడుగుతారు, కానీ నన్ను భయపెట్టేది ఎలుగుబంటి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే చోట్ల తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతుంది. చూపు అంతంతమాత్రం, దగ్గరికొచ్చాకే మిమ్మల్ని గమనిస్తుంది, బెదిరి మీద పడుతుంది. సైకిల్‌కు చప్పుడు ఉండదు, అదే ప్రమాదం. పొదలు దగ్గరగా ఉన్న మలుపుల్లో గంట కొట్టండి, గట్టిగా మాట్లాడుకోండి. కనబడితే ఆగండి, అరవకుండా, వీపు చూపకుండా, మెల్లగా వెనక్కి నడవండి. పిల్లలున్నాయంటే ఆ బాట ఆ రోజుకు వదిలేయండి. ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లు గుంపులుగా మాట్లాడుకుంటూ పోతారు, చూడండి.

అడవి అంచున చీకటి పడింది. పొలం గుండా అడ్డదారి ఉందంటున్నారు.

వద్దు. అడవి పందుల కోసం, వేట కోసం కొందరు చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు నేలకు జానెడు ఎత్తులో కడతారు. వాటికి తగిలి మనుషులు చనిపోయిన వార్తలు ప్రతి ఏడూ చదువుతున్నాం. చీకట్లో ఆ తీగ కనబడదు. ఎంత చుట్టైనా రోడ్డు మీదే నడవండి.

నీళ్లు, తిండి ఎక్కడ దొరుకుతాయి?

ప్రతి ఊళ్లో బోరింగ్ ఉంటుంది, ఇళ్లలో నల్లా నీళ్లు ఉంటాయి. ఊరు కనబడినప్పుడల్లా సీసా నింపుకోవడం అలవాటు చేసుకోండి, తర్వాత చూద్దాం అనుకున్న రోజే తర్వాతి ఊరు దూరంగా ఉంటుంది. వాగు నీళ్లు వడగట్టినా మరిగించకుండా తాగొద్దు. దారి తిండిగా సర్వపిండిని మించింది నాకు దొరకలేదు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, ఉప్పు, కారం, ఒంటికి కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి, రోజంతా పాడవదు, సంచీలో నలగదు. కల్లు పోస్తామని ప్రేమగా పిలుస్తారు. తొక్కడం అయిపోయాకే ఆ మాట.

పాము కరిస్తే, సిగ్నల్ లేకపోతే?

బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం కాలం పోగొట్టొద్దు. ఉంగరం, గడియారం తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పుల్ల పెట్టి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా బైకు మీద ఇద్దరి నడుమ కూర్చోబెట్టి తీసుకుపోండి. దగ్గరి ఊళ్లో మొదటి ఇల్లు తట్టండి, బండి ఇవ్వని ఊరు నేను చూడలేదు. సిగ్నల్ అందిన వెంటనే 108. ములుగు, ఏటూరునాగారం ప్రభుత్వ ఆసుపత్రులు, పెద్ద అవసరానికి వరంగల్ ఎంజీఎం. బాట మీద దిగినప్పుడు ఆకుల్లో కాలు పెట్టే ముందు చూసుకుంటే చాలావరకు ఈ అవసరమే రాదు.

## ఊళ్లలో, రాత్రి

అడవిలో గుడారం వేసుకోవచ్చా?

అభయారణ్యంలో వద్దు. ఊరి బడి వరండా, గ్రామపంచాయతీ ఆవరణ సర్పంచినో కార్యదర్శినో అడిగితే ఇస్తారు. ములుగు ఏజెన్సీలో దోమతెర లేకుండా పడుకోవద్దు, మలేరియా ఉన్న ప్రాంతం. నిప్పు రాజేయొద్దు. ఫిబ్రవరి తర్వాత ఎండిన టేకాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే గుట్టంతా అంటుకుంటుంది.

గూడేల్లో ఫొటోలు తీసుకోవచ్చా?

అడిగి, అది కూడా కూర్చుని కాసేపు మాట్లాడాక. ఇంటి ముందుకొచ్చి కెమెరా ఎత్తే మనిషిని ఎవరు ఇష్టపడతారు? దేవతల గద్దెల దగ్గర, పూజ జరిగే చెట్టు దగ్గర అసలు వద్దు. ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో "రాం రాం" అని పలకరిస్తే మొహాలు వెలుగుతాయి.

మేడారం జాతరకు సైకిల్ మీద పోవాలని ఉంది.

మొక్కు ఉంటే పోండి, ఎడ్లబండ్లు కట్టుకుని అలా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విహారం అయితే ఆ నెల వదిలేయండి. రెండేళ్లకోసారి, 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివర జరిగింది. లక్షల జనం, వేల బస్సులు, రోడ్డు మీద సైకిల్‌కు చోటుండదు. జాతర అయ్యాక నెల రోజులకు పోతే జంపన్నవాగు గట్టున గాజు ముక్కలు, ప్లాస్టిక్ ఇంకా ఉంటాయి. ఒక సంచీ పట్టుకుపోయి నింపుకుని రండి.

## తిరిగొచ్చాక

సైకిల్‌ను ఎలా శుభ్రం చేయాలి?

ముందు ఎండిన మట్టి బ్రష్‌తో దులపండి, తర్వాతే నీళ్లు. బైకులు కడిగే ప్రెషర్ పైపు బేరింగుల మీద కొట్టించొద్దు. ఎర్ర మొరం దుమ్ము చైన్ నూనెలో కలిస్తే గీకుడు కాగితంతో సమానం. తుడిచి, చుక్క చుక్కగా నూనె వేసి, పైన ఉన్నదంతా మళ్లీ తుడిచేయండి.

మంచి బాట దొరికింది. జీపీఎస్ ట్రాక్ అందరికీ పెట్టొచ్చా?

కాలువ గట్లు, చెరువు కట్టలు, ఊళ్ల నడుమ దారులు పెట్టండి, నేనూ పెడతాను. అడవి లోపలి బాటలు, గూడేల కాలిదారులు పెట్టను, అడిగినా ఇవ్వను. ఒకప్పుడు పెట్టాను. ములుగు అవతల ఒక ఒర్రె పక్క బాట, మూడో నెలకే అటు బైకులు మొదలయ్యాయి, ఆరో నెలకు సీసా పెంకులు. ఆ ఒర్రెలో నీళ్లు తెచ్చుకునే గూడెం అమ్మ ఒకామె నన్ను గుర్తుపట్టి, "నువ్వొచ్చినంక మస్తు మంది వస్తున్రు బిడ్డా" అంది. మెచ్చుకున్నదనే అనుకున్నాను, ఆమె కాలికి కట్టిన గుడ్డ చూసేదాకా. ఇప్పుడు ఆ వైపు రావాలనుకున్నవాళ్లను నాతో రమ్మంటాను. నలుగురికి మించకుండా, ముందురోజు ఆ ఊరికి చెప్పి పోతాం.